చెప్పగలిగినది, చేతికి తెలిసినది: డిస్క్ బ్రేకు సరిచేయడంలో ఒక జ్ఞాన సమస్య

మెకానికల్ డిస్క్ బ్రేకులో నూనె ఉండదు, ఉక్కు వైరు ఉంటుంది. లివర్ నొక్కితే ఆ వైరు క్యాలిపర్ మీదున్న చిన్న ఆర్మ్‌ను లాగుతుంది. ఆర్మ్ తిరిగి, ప్యాడ్‌ను డిస్కు మీదికి నెడుతుంది. రోడ్డు సైకిళ్లకు వాడే డిస్కు వ్యాసం సాధారణంగా 140 లేదా 160 మిల్లీమీటర్లు. మందం కొత్తలో దాదాపు 1.8 మిల్లీమీటర్లు. ఏవిడ్ బీబీ7 వంటి చాలా నమూనాల్లో బయటివైపు ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్కును కాస్త వంచి, అవతల కదలకుండా ఉన్న ప్యాడ్‌కు ఆనిస్తుంది. టీఆర్‌పీ స్పైర్ వంటివాటిలో రెండు ప్యాడ్‌లూ కదులుతాయి. బ్రేకు వదిలాక డిస్కుకు అటూ ఇటూ మిగిలే సందు అర మిల్లీమీటరు లోపే ఉంటుంది. ఆ సందు పెరిగితే లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వచ్చినా పట్టు దొరకదు. తగ్గితే ప్యాడ్ పొద్దస్తమానం రాసుకుంటూనే ఉంటుంది.

ఆ సందును సరిగ్గా నిలపగలిగిన మనిషికి తెలిసినదేమిటి? అడుగుతున్నది ఒక చిన్న పనిముట్టు గురించే అయినా ప్రశ్న మాత్రం చాలా పాతది. తెలిసినదంతా మాటల్లో పెట్టవచ్చునా? మాటల్లో పెట్టలేనిది కూడా జ్ఞానమేనా, లేక ఉత్త అలవాటా? జ్ఞానమే అయితే అది తప్పిందో ఒప్పిందో తేల్చేది ఎవరు? డిస్క్ బ్రేకు ఈ ప్రశ్నకు తగిన ఉదాహరణ. మాటల్లో ఇమిడే తెలివి, ఇమడని తెలివి రెండూ ఇక్కడ ఒకే పనిలో కలిసి నడుస్తాయి. రెంటి తప్పులూ రోడ్డు మీద బయటపడతాయి.

పని మొదలయ్యేది క్యాలిపర్ దగ్గర కాదు, చక్రం దగ్గర. ఇరుసు తన చోట పూర్తిగా కూర్చోకపోతే ఆ తర్వాత చేసే సర్దుబాటంతా వృథా. పాత క్విక్ రిలీజ్ చక్రమైతే సైకిలును నేల మీద నిలబెట్టి, బరువు ఇరుసు మీద పడేలా చేసి బిగించాలి. అలా చేయకపోతే చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ డిస్కు కాస్త వేరే చోట నిలుస్తుంది. ఇప్పటి రోడ్డు సైకిళ్లలో వచ్చే 12 మిల్లీమీటర్ల త్రూ యాక్సిల్‌తో ఈ బాధ చాలావరకు తప్పింది. తర్వాత డిస్కు. చక్రాన్ని తిప్పి, క్యాలిపర్ సందులోంచి చూస్తే డిస్కు వంకర ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే ముందు దాన్నే తిన్నగా చేయాలి. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వేలి జిడ్డు, గొలుసుకు కొట్టిన నూనె తుంపర దాని మీద పడకూడదు. ఆరు బోల్టుల డిస్కయితే బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. సెంటర్‌లాక్ డిస్కయితే దాని రింగును 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. క్యాలిపర్ బోల్టులకు చాలా తయారీ సంస్థలు 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య అంకె ఇస్తాయి. టార్క్ రెంచ్ ఉంటే ఇక్కడ అనుభవంతో పనిలేదు. మొదటిసారి పట్టుకున్నవాడు బిగించినా, ముప్పై ఏళ్లుగా చేస్తున్నవాడు బిగించినా ఫలితం ఒకటే. మాటల్లోకి, అంకెల్లోకి పూర్తిగా దిగిన జ్ఞానం ఇలా ఉంటుంది. దాన్ని చేతిపని కన్నా తక్కువగా చూడటం అన్యాయం. ఎవరో ఒకరు బోల్టులు తెంపి, మరలు అరగదీసి తెలుసుకున్నది ఆ ఒక్క అంకెలో ఇమిడి అందరికీ అందుతోంది.

వైరు దగ్గరికి వచ్చేసరికి నియమం కాస్త వేరేగా పనిచేస్తుంది. వైరు మీది తొడుగైన ఔటర్ చివరలను తిన్నగా కోయాలి. కోసిన చోట లోపలి గొట్టం నొక్కుకుపోతే తెరవాలి. వీలైతే నొక్కితే కుంచించుకోని రకం ఔటర్ వాడాలి. మామూలు ఔటర్ ఒత్తిడికి స్ప్రింగులా కుదించుకుని లివర్ కదలికలో కొంత మింగేస్తుంది. రోడ్డు లివర్లు మౌంటెన్ బైకు లివర్ల కన్నా తక్కువ వైరును లాగుతాయి కాబట్టి క్యాలిపర్ కూడా రోడ్డు లివరుకు చేసినదే కావాలి. ఇక్కడ ముఖ్యమైన నియమం ఒకటుంది. వైరు బిగించేటప్పుడు ఆర్మ్ పూర్తిగా వెనక్కి వాలి, విశ్రాంతి స్థితిలో ఉండాలి. ప్యాడ్ అరిగినకొద్దీ పెరిగే సందును ప్యాడ్ నాబ్ తిప్పి మూయాలి తప్ప, వైరును లాగి, ఆర్మ్‌ను ముందుకు తెచ్చి మూయకూడదు. బ్యారెల్ అడ్జస్టర్ ఉన్నది వైరు సాగడాన్ని సరిచేయడానికి. బయటి ప్యాడ్‌కు నాబ్ లేని కొన్ని చవక నమూనాల్లో అదొక్కటే దారి, అది వేరే సంగతి.

బ్యారెల్ తిప్పడం తేలిక, పనిముట్టు అక్కర్లేదు, ఫలితం అప్పటికప్పుడు లివరులో తెలుస్తుంది. అందుకే ఈ నియమాన్ని మీరాలనిపిస్తుంది. మీరితే జరిగేది ఇది: ఆర్మ్ తన ప్రయాణంలో కొంత భాగాన్ని ముందే ఖర్చు చేసేస్తుంది, మిగిలిన కదలిక ప్యాడ్‌ను గట్టిగా నొక్కడానికి చాలదు. లివర్ గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, ప్రయాణం చివర మాత్రం బలం ఉండదు. ఈ కారణం తెలియకుండా నియమాన్ని పాటించేవాడు రోజూ చేసే సైకిలు మీద ఏ ఇబ్బందీ పడడు. కొత్త నమూనా ఎదురైన రోజున, అక్కడ నియమం వర్తిస్తుందో లేదో అతనికి తెలియదు. కారణం తెలిసినవాడికి తెలుస్తుంది. కాబట్టి మాటల్లో చెప్పగలిగే జ్ఞానంలోనే రెండు మెట్లున్నాయి: ఏం చేయాలో చెప్పేది ఒకటి, ఎందుకు చేయాలో చెప్పేది మరొకటి. చేతి నేర్పును పొగిడే వ్యాసాలు చాలాసార్లు ఈ రెండో మెట్టును మరచిపోతాయి.

తర్వాత వచ్చేది క్యాలిపర్‌ను డిస్కుకు సమంగా నిలపడం. పద్ధతి చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: క్యాలిపర్ బోల్టులు వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టి, ప్యాడ్‌లు డిస్కును పట్టుకున్న స్థితిలోనే బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించి, లివర్ వదలాలి. చేసి చూస్తే ఆ వాక్యం సగంలో ఆగిపోయినట్టుంటుంది. బోల్టు తల తిరుగుతూ క్యాలిపర్‌ను కూడా వెంట్రుకవాసి తిప్పుతుంది. చివరి పావు చుట్టులో అప్పటిదాకా కుదిరినది చెదురుతుంది. చేయి తిరిగిన మెకానిక్ ఆ చెదురుబాటును ముందే లెక్కలో వేసుకుని, క్యాలిపర్‌ను ఎదురుదిక్కుకు వేలితో కాస్త ఒత్తి పట్టుకుని బిగిస్తాడు. ఎంత ఒత్తాలి? ఆ బోల్టుకు, ఆ ఫ్రేముకు, ఆ అరిగిన వాషరుకు సరిపడా. ఒక ప్యాడ్ మాత్రమే కదిలే బ్రేకయితే కదలని ప్యాడ్‌ను డిస్కుకు తగలకుండా వీలైనంత దగ్గరగా నిలపాలి, డిస్కు తక్కువ వంగేలా. వీలైనంత అంటే ఎంత? వెనక తెల్ల కాగితం పెట్టి, సందులో కనిపించే వెలుగు గీతను చూసి తేల్చుకోవాలి. ఆ గీత అటూ ఇటూ ఎంత ఉంటే చాలునో ఏ పుస్తకమూ పూర్తిగా చెప్పలేదు.

మాట ఆగిపోయే ఈ చోటు గురించి అందరికన్నా సూటిగా మాట్లాడినవాడు, చిత్రంగా, ఒక చక్రాల వడ్రంగే. చైనా తాత్త్విక గ్రంథం జువాంగ్‌జీ 13వ అధ్యాయంలో అతని కథ ఉంది. చీ రాజ్యపు హువాన్ ప్రభువు సభలో పుస్తకం చదువుకుంటుంటాడు. కింద చక్రం చెక్కుతున్న బియన్ అనే వడ్రంగి, చనిపోయిన జ్ఞానుల మాటలు పిప్పి మాత్రమే అంటాడు. ప్రభువు కోపగించి సంజాయిషీ అడిగితే తన పనినే సాక్ష్యంగా చూపిస్తాడు. ఉలి దెబ్బ నెమ్మదైతే కుదురు చిక్కదు, తొందరైతే కర్రలో దిగి పట్టేస్తుంది. ఆ రెంటి మధ్య ఉన్నది చేతికి తెలుసు, మనసుకు తెలుసు, నోటికి రాదు. కొడుక్కి నేర్పలేకపోయాడు, అందుకే డెబ్బై ఏళ్లు వచ్చినా తానే చెక్కుతున్నాడు.

భారతీయ సంప్రదాయంలో ఇదే గమనింపు భర్తృహరి వాక్యపదీయంలో, మొదటి కాండలోనే ఉంది. సామాన్య శకం 5వ శతాబ్దానికి చెందిన ఈ వ్యాకరణ తాత్త్వికుడు తర్కానికి ఉన్న హద్దులను చూపిస్తూ రత్నాలను, నాణేలను పరీక్షించే నిపుణుల సంగతి ఎత్తుతాడు. వారి జ్ఞానం అభ్యాసం వల్ల మాత్రమే పుడుతుంది, ఇతరులకు చెప్పనలవి కాదు, గుర్తును బట్టి తర్కించి తెలుసుకునే అనుమాన ప్రమాణం కిందికీ రాదు అన్నది ఆయన మాటల సారం. వడ్రంగి కన్నా భర్తృహరి ఒక అడుగు ముందుకు వేశాడనాలి. నిపుణుడికి ఉన్నది చెప్పలేనిది అయినా జ్ఞానమేనని ఆయన అంగీకరిస్తాడు. దాన్ని అలవాటు అని తోసేయడు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండులో ఈ చర్చ మళ్లీ లేచింది. 1945లో అరిస్టాటీలియన్ సొసైటీ అధ్యక్షోపన్యాసంలో గిల్బర్ట్ రైల్ ఒక వాదం ముందుకు తెచ్చాడు. తెలివైన ప్రతి పనీ ముందుగా ఒక నియమాన్ని తలచుకుని చేసేదే అయితే, ఆ తలచుకోవడం కూడా తెలివిగా చేయవలసిన పనే కదా? దానికి మరో నియమం కావాలి, దానికి ఇంకొకటి. అంతు ఉండదు. కాబట్టి ఎక్కడో ఒకచోట నియమం లేకుండానే తెలివి పనిలోకి దిగుతుందని ఒప్పుకోవాలి. 1958లో మైకేల్ పొలాన్యీ సైకిలునే ఉదాహరణగా తీసుకున్నాడు. తొక్కేవాడు ఒక పక్కకు ఒరిగినప్పుడు హ్యాండిల్‌ను ఆ పక్కకే తిప్పుతాడు. ఆ మలుపు వంపు వేగపు వర్గానికి విలోమంగా ఉండాలి. ఈ సూత్రం ఎరిగినందువల్ల ఎవరికీ సైకిలు తొక్కడం రాదు, తొక్కే చాలామందికి ఆ సూత్రమే తెలియదు. హంగరీలో పుట్టి, రసాయన శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకుని తత్త్వంలోకి వచ్చిన ఆయన మరో సంగతి కూడా గమనించాడు. పనిముట్టు వాడేవాడి ధ్యాస పనిముట్టు మీద ఉండదు, దాని గుండా అవతలి వస్తువు మీద ఉంటుంది. బ్రేకు సరిచేసేవాడి వేలు తాకుతున్నది లివరునే, తెలుసుకుంటున్నది మాత్రం మీటరు దూరంలో ప్యాడ్ డిస్కుకు ఆనుతున్న క్షణాన్ని. ఔటర్ ఎక్కడో నలిగి ఉంటే అదీ ఆ వేలికి అందుతుంది.

దీనికి ఎదురు వాదం కూడా ఉంది. జేసన్ స్టాన్లీ, టిమొతీ విలియమ్సన్ 2001లో రాసిన వ్యాసంలో, చేయడం తెలియడమంటే ఫలానా తీరు ఈ పనికి సరైన తీరు అని తెలియడమే, అది కూడా విషయజ్ఞానమే అన్నారు. కాకపోతే ఆ తీరు మనిషికి ఆచరణ రూపంలో గోచరించాలన్నారు. ఈ షరతులోనే చిక్కు తిరిగి వస్తుంది. ఇలా వేలితో ఒత్తి పట్టాలి అని చూపించి చెప్పగానే చూసేవాడికి ఆ వాక్యం నిజమని తెలుస్తుంది, పని మాత్రం రాదు. రావడానికి ఇంకేం కావాలో దాన్నంతా ఆచరణ రూపం అనే మాట కింద పెట్టడం సమస్యకు పేరు పెట్టడమే అవుతుంది.

ఇంతవరకూ వడ్రంగిదే పైచేయిలా కనిపిస్తుంది. బ్రేకు శబ్దం చేయడం మొదలుపెట్టాక సంగతి మారుతుంది. కొత్తవాడికి వినిపించేది ఒక శబ్దం, అంతే. అనుభవం ఉన్నవాడికి అది చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వచ్చే రాపిడి. అంటే డిస్కు ఒకచోట వంగింది. ఆగకుండా వస్తుంటే క్యాలిపర్ పక్కకు జరిగింది. వానలో మాత్రమే కీచుమని, ఆరగానే ఆగితే పట్టించుకోనక్కర్లేదు. విశేషణాలు లేని నిర్వికల్పక ప్రత్యక్షం, విశేషణాలతో కూడిన సవికల్పక ప్రత్యక్షం అని భారతీయ తర్క సంప్రదాయమైన న్యాయశాస్త్రం చేసే విభాగాన్ని ఇక్కడ పూర్తిగా అన్వయించలేం. అయినా విశేషణాలతో విశేష్యాన్ని కలిపి గ్రహించడమే స్పష్టమైన ప్రత్యక్షమన్న దాని అవగాహన ఇక్కడ ఉపయోగపడుతుంది. చెవికి శిక్షణ అంటే ఆ విశేషణాలు సమకూరడమే.

పొడిలో కూడా కీచుమనే బ్రేకు దగ్గర చెవి ఒక్కటే చాలదు. ప్యాడ్‌కు నూనె అంటి ఉండవచ్చు. ప్యాడ్ వేడికి గాజులా నున్నబడి ఉండవచ్చు. బోల్టు వదులై ఉండవచ్చు. క్యాలిపర్ ఏటవాలుగా నిలిచి ఉండవచ్చు. నాలుగింటిలోనూ వచ్చే శబ్దం దాదాపు ఒకటే. కీచుమంటోంది కాబట్టి నూనె అంటింది అనే అనుమానంలో హేతువు, అంటే కీచు శబ్దం, సాధ్యమైన నూనె లేనిచోట కూడా ఉంటుంది. దీన్ని న్యాయశాస్త్రం సవ్యభిచారమనే హేత్వాభాస కింద వేస్తుంది. తర్కం నేర్చుకునేవారి మొదటి పుస్తకంగా దేశమంతా చదివిన తర్కసంగ్రహంలో ఈ దోషం, దాని భేదాలు క్లుప్తంగా ఉన్నాయి. ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. దోషం తెలిసినవాడు తొందరపడి కొత్త ప్యాడ్‌లు కొనడు. అన్వయ వ్యతిరేకాలతో పరీక్షిస్తాడు. ముందు బోల్టులు చూస్తాడు, తర్వాత క్యాలిపర్‌ను మళ్లీ నిలుపుతాడు, అప్పటికీ శబ్దం పోకపోతే డిస్కు తుడిచి ప్యాడ్‌లు మారుస్తాడు. ఒక్కసారి ఒక్కటే మారుస్తాడు, రెండు కలిపి మారిస్తే ఏది కారణమో తేలదు కాబట్టి. జిడ్డు డిస్కు తుడవకుండా కొత్త ప్యాడ్‌లు వేస్తే అవీ పాడవుతాయి, శబ్దం మళ్లీ వస్తుంది, కారణం ప్యాడ్‌లు కావనే తప్పు నిర్ణయానికి దారితీస్తుంది. ఈ క్రమమంతా మాటల్లో చెప్పగలిగినదే. పుస్తకాల్లోని మాటను పిప్పి అన్నవాడి చేతికి ఈ మెలకువ దానంతట అది రాదు.

చేతి జ్ఞానానికి అసలు పరీక్ష ప్యాడ్‌ల అరుగుదల. హైడ్రాలిక్ బ్రేకులో ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ ముందుకు జరిగి సందును తానే సరిచేసుకుంటుంది. మెకానికల్ బ్రేకుకు ఆ గుణం లేదు. సందు రోజూ కాస్త పెరుగుతుంది, లివర్ రోజూ కాస్త ఎక్కువ దూరం పోతుంది. తొక్కేవాడి చేయి ఆ తేడాకు రోజూ అలవాటు పడుతుంది. నెలల తర్వాత లివర్ హ్యాండిల్‌కు వేలెడు దూరంలో పట్టుకుంటున్నా, బ్రేకు బాగానే ఉందని అతను మనస్ఫూర్తిగా చెబుతాడు. అతను అబద్ధమాడటం లేదు. అతని ప్రమాణమే అరిగిపోయింది. నైపుణ్యం అభ్యాసంతో పుడుతుందన్న భర్తృహరి మాట నిజమే. అదే అభ్యాసం నైపుణ్యాన్ని చెడగొట్టగలదన్నది కూడా అంతే నిజం. చేయి తన తప్పును తాను పట్టుకోలేదు, ఎందుకంటే తప్పును కొలిచేది కూడా ఆ చేయే.

అంకెలు ఇక్కడ అవసరమవుతాయి. డిస్కు మందం 1.5 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలని షిమానో చెబుతుంది. ప్యాడ్ మీది పదార్థం అర మిల్లీమీటరుకు వస్తే ప్యాడ్‌లు తీసేయాలి. వెర్నియర్ క్యాలిపర్ పెట్టి కొలిస్తే ఎవరి అనుభవంతోనూ నిమిత్తం లేకుండా తేలే సంగతులివి. బోల్టు బిగించేచోట అంకె అనుభవం లేనివాడికి సాయం చేస్తుంది. అరుగుదల దగ్గర అది అనుభవం ఉన్నవాడిని కాపాడుతుంది. ఈ రెండో సేవ గురించి రైల్ గానీ, పొలాన్యీ గానీ తగినంత ఆలోచించలేదనిపిస్తుంది. మాటల్లో చెప్పలేని తెలివిని జ్ఞానమని ఒప్పుకుంటే, అది తప్పగలదని కూడా ఒప్పుకోవాలి. తప్పగలదంటే దానికి బయటి సాక్ష్యం ఒకటి ఉండాలి. కొలతలేని నేర్పు తన మీద తనకున్న నమ్మకంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మరోవైపు, వెలుగు గీతను చూసి సందును తేల్చుకునేచోట కొలత వెనక్కి తగ్గి, కంటికి, వేలికి దారి ఇవ్వాలి. ఏ పనిలో ఏది పెద్దరికం వహించాలో ఒకేసారి తేల్చిపెట్టే నియమం లేదు. ఆ పనిలోని ఒక్కో మెట్టు దగ్గర విడిగా తేలుతుంది.

కొత్త ప్యాడ్‌లు వేసిన బ్రేకు స్టాండు మీద ఎంత బాగా కుదిరినా ఇంకా పూర్తి కాలేదు. ప్యాడ్ పదార్థం పలుచని పొరగా డిస్కుకు సమంగా అంటుకుంటేనే పూర్తి పట్టు వస్తుంది. అందుకు ఖాళీ రోడ్డు మీద ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా బ్రేకు గట్టిగా నొక్కి నడక వేగానికి తగ్గించాలి. పూర్తిగా ఆగకూడదు, ఆగితే ఆ పొర ఒకచోట మందంగా పడుతుంది. ఇలా దాదాపు 20 సార్లు, తర్వాత ఇంకాస్త వేగంతో మరో 10 సార్లు చేయాలి. మొదట్లో జారుతున్నట్టుండే లివర్ పోనుపోను పట్టు చూపిస్తుంది. రెజిన్ ప్యాడ్‌లకు మాత్రమే అని రాసి ఉన్న డిస్కు మీద లోహపు ప్యాడ్‌లు వేయకూడదు, వేస్తే డిస్కు త్వరగా అరుగుతుంది.

ఆ పట్టును ముందుగా గుర్తించేది సరిచేసినవాడి వేలు. దాని మీద ఆధారపడి వాలులో దిగేది చాలాసార్లు మరొకరు. ఆ మరొకరికి సందు కొలవడం రాదు, శబ్దాన్ని విడదీసి వినడం రాదు. బ్రేకు బాగుందన్న జ్ఞానం అతనికి ప్రత్యక్షంగా కలగలేదు, అనుమానంగానూ కలగలేదు, మెకానిక్ మాట మీద కలిగింది. న్యాయశాస్త్రం దీన్ని శబ్ద ప్రమాణం అంటుంది, ఆ మాట ఆప్తుడిదైతే ప్రమాణమని ఒప్పుకుంటుంది. ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. మెకానిక్ విషయంలో ఆ లక్షణం చాలా నిర్దిష్టమైన రూపం తీసుకుంటుంది. ప్యాడ్‌లో ఇంకెంత మిగిలిందో కొలిచి చెప్పాలి. అరిగినకొద్దీ ఏ నాబ్‌ను ఎటువైపు ఎన్ని క్లిక్కులు తిప్పాలో చూపించాలి, బ్యారెల్ జోలికి ఎందుకు వెళ్లకూడదో కారణంతో సహా చెప్పాలి. లివర్ ఎంతవరకు వస్తే సైకిలు తిరిగి తేవాలో హ్యాండిల్ మీద గుర్తు పెట్టి ఇవ్వాలి. చెప్పలేని నేర్పు తన దగ్గరే ఉంచుకున్నా, చెప్పగలిగినదంతా చెప్పి సైకిలు అప్పగించినప్పుడే ఆ పని పూర్తయినట్టు.